ఢిల్లీ లేఖ: హాస్టలు గడప దాకా రాని చట్టం

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ నగరంలో నడుస్తున్న బస్సులో ఒక విద్యార్థినిపై జరిగిన అత్యాచారం రాజధానిని ఎంతగా కుదిపివేసినదీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. విద్యార్థులు రైసినా కొండ దాకా తరలివచ్చారు. లాఠీలు, నీటి ఫిరంగులు వారిని ఆపలేకపోయాయి. వారం రోజుల్లో కేంద్రం జస్టిస్ జె. ఎస్. వర్మ అధ్యక్షతన త్రిసభ్య సంఘాన్ని నియమించింది. దాదాపు 80 వేల సూచనలను స్వీకరించిన ఆ సంఘం 29 రోజుల్లో పని ముగించి, 2013 జనవరి 23న నివేదిక సమర్పించింది. గడువు మీద గడువు కోరడమే ఆనవాయితీ అయిన ఈ నగరంలో అటువంటి వేగాన్ని నేను మరెన్నడూ చూడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, జనవరి మొదటి వారంలో, బస్తర్ నుంచి మరొక వార్త వచ్చింది. కాంకేర్ జిల్లా నరహర్‌పూర్ ప్రాంతంలోని ఝలియామారి అనే ఊళ్ళో ఆదివాసి బాలికలకు ప్రభుత్వం నడిపే కన్యా ఆశ్రమం ఒకటి ఉన్నది. ప్రాథమిక తరగతుల పిల్లలు చదివే చోటు అది. అక్కడ 11 మంది బాలికలపై అత్యాచారం జరిగినట్లు బయటపడింది. నిందితులు ఎక్కడి నుంచో వచ్చిన దుండగులు కారు. ఒకడు ఉపాధ్యాయుడు, మరొకడు కాపలాదారు. విషయం తెలిసీ పైకి పొక్కనీయలేదన్న అభియోగంపై విద్యాశాఖ అధికారులు సైతం అరెస్టయ్యారు. ఆ ఏడాదే న్యాయస్థానం ప్రధాన నిందితులకు యావజ్జీవ శిక్ష విధించింది.

శిక్ష పడింది గనుక కథ ముగిసినట్లే అనుకునేవారు ఉండవచ్చు. నాకు అలా తోచడం లేదు. శిక్ష పడినది నేరానికి; ఆ నేరాన్ని నెలల తరబడి దాచగలిగిన ఏర్పాటుకు మాత్రం కాదు. ఆ ఏర్పాటు వెనుక ఒక దృష్టి ఉన్నది. అది ఎంత ఎత్తున కూర్చున్నదో అప్పటి నాయకుల మాటలే చాటాయి. స్త్రీలపై పెరుగుతున్న నేరాల గురించి విలేఖరులు అడిగినప్పుడు ఛత్తీస్‌గఢ్ హోంమంత్రి నన్కీరామ్ కన్వర్ గ్రహస్థితి బాగులేనప్పుడు మనిషికి హాని జరుగుతుందనీ, దానికి తమ వద్ద జవాబు లేదనీ సెలవిచ్చారు. రాయపూర్ లోక్‌సభ సభ్యుడు రమేశ్ బైస్ పసిపిల్లలపై అత్యాచారం ఘోరమని చెప్పబోయి, ఎదిగిన స్త్రీల విషయమైతే అర్థం చేసుకోవచ్చునన్న ధోరణిలో మాట్లాడి విమర్శల పాలయ్యారు. శాంతిభద్రతలు చూడవలసిన మంత్రి జాతకాలు చూస్తే, చట్టాలు చేయవలసిన సభ్యుడు వయసులు లెక్కపెట్టాడు.

* * *

ఢిల్లీలో విద్యార్థినుల భద్రత గురించి మాట్లాడేవారు విశ్వవిద్యాలయాలతో మొదలుపెడతారు. బస్తర్‌లో ఆ కథ అంతకంటే పదేళ్ళు ముందుగా, ఆశ్రమ పాఠశాలలో మొదలవుతుంది. అందుకు కారణం ఆ నేల పరిస్థితి. 1998 వరకు బస్తర్ ఒకే జిల్లా. విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. నేడు అది ఏడు జిల్లాలయింది. జగదల్‌పూర్‌లో విశ్వవిద్యాలయం వెలసినది 2008లో. అడవిలోని పల్లె నుంచి ఆ విశ్వవిద్యాలయం మెట్లెక్కే అమ్మాయి ఆరేడేళ్ళ వయసు నుంచి హాస్టళ్ళలో పెరిగినదై ఉంటుంది. ఊళ్ళో బడి లేదు, లేదా ఉన్నది పేరుకే.

ఉన్న బడులకు కూడా యుద్ధం తగిలింది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో పల్లెలకు పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలాది మంది గోదావరి దాటి మన ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. బలగాలు బడుల్లో మకాం వేశాయి. బలగాలు మకాం వేస్తాయని మావోయిస్టులు బడులను కూల్చారు. ఎవరి వాదం వారిదే గాని, పలక పోగొట్టుకున్నది పిల్లలు. 2011 జులై 5న తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఆదివాసి యువకులకు తుపాకులిచ్చి పోరులోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. బడుల నుంచి బలగాలను ఖాళీ చేయించాలన్న ఆదేశమూ ఆ వ్యాజ్యంలోనే వచ్చింది. కూలిన బడుల స్థానంలో రోడ్డు పక్కన ‘పోర్టా కేబిన్’లనే తాత్కాలిక హాస్టళ్ళు లేచాయి. వందలాది పిల్లలు ఒక్కచోట చేరారు.

ఆ హాస్టళ్ళు లేకపోతే ఒక తరమంతా చదువుకు దూరమయ్యేదనడంలో సందేహం లేదు. కాని, ఇక్కడొక విషయం గమనించాలి. తల్లిదండ్రులు బిడ్డను అప్పగించినది బంధువుకు కాదు, ప్రభుత్వానికి. రాత్రింబగళ్ళు ఆ పిల్ల తిండి, నిద్ర, రాకపోకలు ప్రభుత్వోద్యోగి చేతిలో ఉంటాయి. పోలీసు ఠాణాలో ఉన్న మనిషి ఎటువంటి నిస్సహాయ స్థితిలో ఉంటాడో, ఇంటికి ముప్పై మైళ్ళ దూరాన, తన భాష రాని వార్డెను కింద ఉన్న ఎనిమిదేళ్ళ బాలికదీ అదే స్థితి. హాస్టలు కూడా ఒక కస్టడీయే. ఈ మాట ఒప్పుకొంటే జవాబుదారీతనం తానుగా వస్తుంది. అందుకే కాబోలు, ఎవరూ ఒప్పుకోరు.

ఝలియామారి తర్వాత నాలుగేళ్ళకు, 2017 జులై 31న దంతెవాడ జిల్లా పాల్నార్ కన్యా ఆశ్రమంలో రాఖీ వేడుక ఏర్పాటయింది. కేంద్ర రిజర్వు పోలీసు జవాన్లకు ఆదివాసి బాలికలు రాఖీలు కట్టే దృశ్యాన్ని టెలివిజన్ కోసం చిత్రీకరించారు. ఆ వేడుక జరిగిన రోజునే, మరుగుదొడ్డికి వెళ్ళి వస్తున్న బాలికలను సోదా నెపంతో కొందరు జవాన్లు పట్టుకొని అసభ్యంగా ప్రవర్తించారని ఫిర్యాదు వచ్చింది. కేసు నమోదైంది, ఇద్దరు జవాన్లు అరెస్టయ్యారు. అన్నాచెల్లెళ్ళ పండుగ పేరిట సాయుధులను బాలికల హాస్టలులోనికి తీసుకొనిరావడంలో తప్పేమిటో ఏర్పాటు చేసిన అధికారుల్లో ఒక్కరికీ ముందుగా తట్టకపోవడమే ఇందులో ఆలోచించదగిన విషయం.

* * *

ఎందుకు తట్టదు? బస్తర్ స్త్రీని బయటివారు చూసే చూపులోనే దీనికి సమాధానం ఉన్నదని నా అభిప్రాయం. మురియా గోండుల పల్లెల్లో ‘ఘోటుల్’ అనే యువజన గృహం ఉండేది. పెళ్ళికాని యువతీ యువకులు సాయంకాలం అక్కడ చేరేవారు. వెరియర్ ఎల్విన్ 1947లో దానిపై పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ఆ గ్రంథంలో పనుల పంపకం ఉన్నది, కట్టుబాట్లు ఉన్నాయి, తప్పిన వారికి జరిమానాలున్నాయి, ఊరి పెళ్ళికీ చావుకూ ఘోటుల్ సభ్యులు చేసే సేవ ఉన్నది. పట్నవాసులకు మాత్రం వాటిలో ఏదీ కనబడలేదు. ఆటపాటల స్వేచ్ఛ ఒక్కటే కనబడింది. స్వేచ్ఛగా తిరిగే స్త్రీ అందరికీ అందుబాటులో ఉండే స్త్రీ అన్న నీచమైన లెక్క అక్కడి నుంచి పుట్టింది. ఆదివాసి స్త్రీకి ఆమె సమాజం ఇచ్చిన ఇష్టాయిష్టాల హక్కును, ఆమెకు ఇష్టాయిష్టాలే లేవన్నట్లుగా తిరగవేసి చదివారు.

ఈ లెక్క న్యాయస్థానాలను సైతం వదలలేదు. బస్తర్‌కు ఆనుకొని ఉన్న నేటి గడ్చిరోలి జిల్లాలోని దేశాయిగంజ్ పోలీసు ఠాణాలో 1972 మార్చి 26 రాత్రి ఒక ఆదివాసి బాలికపై అత్యాచారం జరిగింది. మథుర కేసుగా దేశమంతా ఎరిగినది అదే. ఆమె లైంగిక జీవితానికి అలవాటు పడినదని సెషన్స్ జడ్జి వ్రాసి, పోలీసులను విడిచిపెట్టాడు. బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు, ఒంటిమీద గాయాలు లేవు గనుక ప్రతిఘటన లేదనీ, ప్రతిఘటన లేదు గనుక అంగీకారమేననీ భావించి ఆ శిక్ష రద్దు చేసింది. ఠాణా తలుపు వేసిన తర్వాత ఇద్దరు పోలీసుల ఎదుట ఒక కూలి పిల్ల ఎలా ప్రతిఘటించాలో మాత్రం తీర్పులో లేదు. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాశారు. ఆ లేఖ నుంచి ఉద్యమం, ఉద్యమం నుంచి 1983 నాటి చట్ట సవరణ వచ్చాయి. కస్టడీలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమయింది. అంగీకరించలేదని స్త్రీ చెబితే న్యాయస్థానం ఆ మాటతోనే మొదలుపెట్టాలని సాక్ష్య చట్టం మారింది. ‘అలవాటు పడినది’ అని తేల్చే రెండు వేళ్ళ పరీక్ష మాత్రం మరో నాలుగు దశాబ్దాలు బతికింది. ఆ పరీక్ష చేసే వైద్యులను దుష్ప్రవర్తన కింద పరిగణించాలని సుప్రీంకోర్టు ఆదేశించినది 2022 అక్టోబరులో.

ఇదంతా ఛత్తీస్‌గఢ్ బాగోతమనీ, మనకు సంబంధం లేదనీ తెలుగువారు అనుకోవడానికి వీలులేదు. 1978లో హైదరాబాదు పోలీసు ఠాణాలో అత్యాచారానికి గురైన రమీజాబీని వ్యభిచారిణిగా నిలబెట్టడానికి ఎంత ప్రయత్నం జరిగిందో పెద్దలకు తెలుసు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కేసు రాయచూరుకు మారి 1981లో వీగిపోయింది. విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న తమపై గ్రేహౌండ్స్ బలగాలు అత్యాచారం చేశాయని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. పదహారేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి నిందితులను వదిలివేసింది. బాధితులకు పరిహారం ఇవ్వమన్నది. దర్యాప్తు చెడగొట్టినది ప్రభుత్వమే, పరిహారం ఇచ్చేదీ ప్రభుత్వమే.

* * *

బస్తర్ గోడు ఢిల్లీకి చేరదనడం సరికాదు. చేరుతుంది, చేరి తిరిగి వెళుతుంది. సోనీ సోరీ దంతెవాడ జిల్లాలో ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయిని, వార్డెను. మావోయిస్టులకు సహాయపడ్డారన్న అభియోగంపై 2011 అక్టోబరు 4న ఆమెను ఈ నగరంలోనే అరెస్టు చేశారు. తనను ఛత్తీస్‌గఢ్ పోలీసులకు అప్పగించవద్దని ఆమె ఇక్కడి న్యాయస్థానంలో వేడుకున్నారు. అప్పగించారు. కస్టడీలో తనపై లైంగిక హింస జరిగిందని ఆమె సుప్రీంకోర్టుకు తెలిపారు. కోర్టు ఆదేశంపై కలకత్తా వైద్యులు పరీక్షించగా ఆమె శరీరంలో రాళ్ళు దొరికాయి. ఆమె వేలెత్తి చూపిన పోలీసు అధికారికి 2012 గణతంత్ర దినాన శౌర్యపతకం దక్కింది. ఆమెపై మోపిన కేసుల్లో చివరిది 2022 మార్చిలో వీగిపోయి ఆమె నిర్దోషిగా నిలిచారు. వార్డెనుకే రక్షణ లేని చోట ఆమె కింది పిల్లలకు ధైర్యం చెప్పేదెవరు?

2015 అక్టోబరులో బీజాపూర్ జిల్లా పెద్దగెల్లూరు ప్రాంతంలో బలగాలు సాగించిన అత్యాచారాలపై జాతీయ మానవహక్కుల సంఘం 2017 జనవరిలో నోరువిప్పింది. 16 మంది స్త్రీలు ప్రాథమికంగా బాధితులేనని తేల్చి, 37 లక్షల రూపాయల తాత్కాలిక పరిహారం సిఫారసు చేసింది. బాధితులు ఆదివాసులైనా, పలు కేసుల్లో షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని పోలీసులు వర్తింపజేయలేదని కూడా ఎత్తిచూపింది. చట్టం ఉన్నది, దానిని పుస్తకం నుంచి దించలేదు.

ఈ మాట హాస్టళ్ళకూ వర్తిస్తుంది. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, బాలలపై లైంగిక నేరం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థాధిపతి దాచితే ఏడాది వరకు జైలు. 2013 సవరణ ఫిర్యాదు నమోదు చేయని పోలీసునూ నేరస్థుణ్ణి చేసింది; 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నిబంధన ఉన్నది. కళాశాలల విషయంలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2015లో చేసిన నిబంధనలు హాస్టలును సైతం ఆవరణలో భాగంగా పరిగణించి, విద్యార్థుల ఫిర్యాదులు వినే అంతర్గత సంఘంలో విద్యార్థుల ప్రతినిధులకు చోటిచ్చాయి. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో 1999 నుంచి అంతకంటే స్వతంత్రమైన సంఘమే ఉండేది. 2017లో దానిని తీసివేసినప్పుడు విద్యార్థులు ధర్నాలు చేయగలిగారు. ధర్నా చేయడానికి ఝలియామారి పిల్లలకు సంఘమూ లేదు, వయసూ లేదు, వినేవారికి అర్థమయ్యే భాషా లేదు. గ్రాంట్ల సంఘం నిబంధనలు ఉన్నత విద్యాసంస్థల గేటు దగ్గరే ఆగిపోతాయి.

చేయవలసినవి అంత గొప్ప పనులేమీ కావు. బాలికల హాస్టలులో గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడగల స్త్రీలనే వార్డెన్లుగా వేయాలి. రాత్రివేళ పురుష సిబ్బందికి ప్రవేశం ఉండరాదు. సాయుధ బలగాల కార్యక్రమాలకు హాస్టలు వేదిక కారాదు. నెలకొకసారి తల్లులు వచ్చి బిడ్డలతో ఏకాంతంగా మాట్లాడే హక్కును కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నేరం చేసినవాడితో పాటు నేరం దాచిన అధికారిని కూడా బోనెక్కించడం ఆనవాయితీ కావాలి. ఝలియామారిలో జరిగిన ఒక్క మంచి పని అది.

బస్తర్‌లో మావోయిస్టుల ఉనికి తుడిచివేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. తుపాకుల లెక్క, లొంగుబాట్ల లెక్క రాజధానిలో తరచు వినబడుతుంటాయి. హాస్టలులో చేర్చిన బాలికల్లో ఎందరు నిర్భయంగా చదువు ముగించి జగదల్‌పూర్ కళాశాల దాకా వచ్చారు, ఎందరు మధ్యలో మౌనంగా ఇంటికి వెళ్ళిపోయారు అన్న లెక్క కూడా పార్లమెంటులో ఎవరైనా సభ్యుడు అడిగితే బాగుండును. అడవిని గెలవడానికి బలగాలు చాలవచ్చు. బిడ్డను అప్పగించిన తల్లి నమ్మకం గెలవడానికి మాత్రం ఆ లెక్క చెప్పక తప్పదు.