ఉపాధ్యాయుడా? గుమాస్తాయా?

నల్లబల్లయు సుద్దముక్కయు ఉన్నచో బడి నడచునను కాలము గతించినది. 2020 మార్చిలో కోవిడు వలన పాఠశాలలు మూతపడినపుడు, అంతవరకు కంప్యూటరును ముట్టని పంతుళ్లు సైతము కొలది కాలములోనే పాఠములను ఫోనులలో చిత్రించి పిల్లలకు పంపుట నేర్చిరి. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారము కాగా, పిల్లలు వానిని చూచిరో లేదో కనుగొను భారము ఊరి పంతులుపైననే పడెను. పని కోరినపుడు విద్య అలవడునని దీనివలన స్పష్టమైనది. కావున మన యుపాధ్యాయులు కంప్యూటరు నేర్వగలరా యనునది ప్రశ్న కాదు. ఏ పనికొరకు నేర్చుచున్నారనునదే ప్రశ్న.

కేంద్రప్రభుత్వము 2017లో దీక్షా వేదికను నెలకొల్పినది. 2019లో ఆరంభించిన నిష్ఠా శిక్షణమును 2020 అక్టోబరునుండి ఆ వేదికపై నడిపినది. బోధనకై యేర్పడిన ఈ ప్రయత్నములను మేము హర్షింతుము. కాని బడిలో పంతులు యంత్రముతో చేయుపని తరచుగా వేఱు: యూడైస్ ప్లస్ వివరములు, భోజనముల లెక్క, హాజరు పట్టీ. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశమున ముఖము చూపి హాజరు వేయు యాప్‌ను సొంత ఫోనులలో పెట్టుకొనుమన్నపుడు ఉపాధ్యాయసంఘములు అభ్యంతరము తెలిపినవి. దానిని యంత్రద్వేషమనుట అన్యాయము.

జనగణనము, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతర కార్యములకు గురువులను నియోగింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 27వ సెక్షను శాసించుచున్నది. బడి లెక్కలు బడిపనియే యని అధికారులు వాదింపవచ్చును. కాని లెక్క పూర్తియగువఱకు తరగతి గురువులేక యుండినచో, చట్టముయొక్క ఉద్దేశము భంగమైనట్లే.

మా సూచనలు మూడు. లెక్కలపనికి కొన్ని బడులకు కలిపి యొక గుమాస్తాను నియమింపవలెను. పనికి కావలసిన పరికరమును ప్రభుత్వమే యీయవలెను. శిక్షణము పనివేళలలో, తెలుగున జరుగవలెను. యూనికోడులో తెలుగునకు 1991నుండియే స్థానము గలదు. ఇన్‌స్క్రిప్టు పద్ధతిని తెలుగున నేర్చినవారికి హిందీ, కన్నడములకును అక్షరముల అమరిక అదియే. ఈ మాత్రము చక్కగ నేర్పినచో పంతులు తన తరగతికి తగిన ప్రశ్నపత్రమును తానే సిద్ధము చేసికొనగలడు. అచ్చుపుస్తకమున లేని పటమును పిల్లలకు చూపగలడు.

కంప్యూటరు పంతులును పిల్లలకు చేరువ చేసిన దినమున అది విద్యాసాధనము. పిల్లలనుండి దూరము చేసినంతకాలము అది కచేరి దస్త్రమే. ఈ రెంటిలో నేది కావలయునో ప్రభుత్వములు తేల్చుకొనవలసియున్నది.