బాణం ఎంత దూరం నుంచి వదలాలి?

అమెరికాలో తెల్లతోక జింకలను విల్లుతో వేటాడేవారు ఎక్కువగా 20, 30 గజాల లోపలే బాణం వదులుతారు. విల్లుకు అంతకు మించి సత్తా లేక కాదు. కప్పీలు అమర్చిన నేటి కాంపౌండ్ విల్లు బాణాన్ని సెకనుకు సుమారు 85 మీటర్ల వేగంతో పంపగలదు. ఈ రకం విల్లుతోనే విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 50 మీటర్ల దూరంలోని గురిని కొట్టి, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచారు. అయితే మైదానంలో దూరం ముందే తెలుసు, గురి కదలదు. అడవిలో ఈ రెండు భరోసాలూ ఉండవు. పైగా అక్కడ గురి తప్పితే పోయేది పాయింటు కాదు. ఒక ప్రాణి గాయంతో పొదల్లో పడి నరకం చూస్తుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. అమెరికాలో రాష్ట్రాలు లైసెన్సులిచ్చి, వేట కాలాన్ని నిర్ణయించి అనుమతిస్తాయి.

బాణం చంపేది దెబ్బ బలంతో కాదు, పదునుతో. ములుకు అంచులు ఊపిరితిత్తులనో గుండెనో కోస్తే రక్తం పోయి జింక త్వరగా పడిపోతుంది. ఆ చోటు అడ్డంగా సుమారు 20 సెంటీమీటర్లు, అంటే ఒక పేపర్ ప్లేటంత.

దూరం పెరిగేకొద్దీ ఆ చోటు తప్పడానికి మొదటి కారణం జింక చెవులే. నారి మోత బాణం కన్నా నాలుగు రెట్లు వేగంగా వెళ్తుంది. 20 గజాల దూరానికి బాణం చేరడానికి సెకనులో అయిదో వంతు చాలు. 40 గజాలకు దాదాపు అర సెకను కావాలి. మోత విని బెదిరిన జింక దూకడానికి ముందు కాళ్లు వంచి ఒళ్లు కిందికి దించుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే బాణం దాని వీపు మీదుగా పోవచ్చు, లేదా వెన్ను దగ్గర గుచ్చుకోవచ్చు. విలుకాడి గురిలో లోపం లేకపోయినా ఇలా జరుగుతుంది.

రెండోది దూరాన్ని తప్పుగా అంచనా వేయడం. బాణం దారి పొడవునా కిందికి దిగుతూనే ఉంటుంది. 20 గజాల్లో ఉన్న జింకను 15 గజాలనుకుని కొడితే బాణం అయిదారు సెంటీమీటర్లు దిగువన తగులుతుంది; అయినా ప్లేటు దాటదు. అదే అయిదు గజాల పొరపాటు 40 గజాల దగ్గర జరిగితే తేడా 10 సెంటీమీటర్లు దాటుతుంది. ప్లేటు మధ్యకు గురిపెట్టిన బాణం దాని అంచు కిందినుంచి పోయినట్టే. లేజర్ దూరమాపకం ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. కానీ చెట్టు మీది మంచె నుంచి వాలుగా కొలిచే దూరం కాక నేల మీది అడ్డు దూరమే లెక్కలోకి రావాలి. నిట్టవాలుగా కొట్టేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక తన దూరం ఎంతో ఎవరికి వారే తేల్చుకోవాలి. దీనికి చాలామంది చేసే పరీక్ష పేపర్ ప్లేటుదే. దగ్గర నుంచి మొదలుపెట్టి అయిదేసి గజాలు వెనక్కి జరుగుతూ, ఏ దూరంలో బాణాలు ప్లేటు దాటడం మొదలవుతుందో చూస్తారు. ఇందులో లెక్కించాల్సింది చేయి వేడెక్కాక వేసిన పదో బాణాన్ని కాదు, పొద్దున్నే వేసిన మొదటి బాణాన్ని. వేటలో దొరికేది చాలాసార్లు ఆ ఒక్కటే. మందపాటి చలిదుస్తులు వేసుకుని, కూర్చుని, మసక వెలుతురులో కూడా అభ్యసించాలి. జింక కనబడగానే గుండె దడదడలాడి చేయి వణికే స్థితి పెరట్లో ఎదురవదు. అందుకే పెరట్లో 40 గజాలు నమ్మకంగా కొట్టేవారు కూడా వేటలో 30 దగ్గరే ఆగడం మేలు.

ఆ హద్దు కూడా అన్ని వేళలా ఒకటే కాదు. జింక పక్కకు తిరిగి, తల దించి మేస్తుంటే పూర్తి దూరం వాడుకోవచ్చు. చెవులు నిక్కించి ఇటే చూస్తున్నా, ఎదురుగా నిలబడ్డా, గాలి బలంగా వీస్తున్నా ఆ దూరాన్ని బాగా కుదించుకోవాలి. ఒక్కోసారి విల్లు దించేయాలి. కప్పీలు, గురిపిన్నులు లేని సంప్రదాయ విల్లు పట్టినవారిలో చాలామందికి 20 గజాలే ఆఖరు. విల్లు మారినా, బాణం బరువు మారినా, కొన్ని నెలలు చేయి ఖాళీగా ఉన్నా పాత దూరాన్ని నమ్మకుండా ప్లేటు దగ్గర మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలి.