పేగుల్లో పండని పంట

నాట్ల రోజుల్లో ఏ కూలిపేటకు పోయినా తల్లులు ఈ మాట అంటూనే ఉంటారు: "పెట్టిందల్లా తింటాడు గానీ, ఒంటబట్టటం లేదయ్యా." చేతులు పుల్లల్లా ఉంటాయి. పొట్ట మాత్రం ఉబ్బి ఉంటుంది. కొందరు దిష్టి అంటారు. కొందరు పక్షిదోషమని తాయెత్తు కడతారు. చదువుకున్నవాళ్లయితే, "తల్లికి పెంచటం చేతగాదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజంగా తప్పు తల్లిదేనా? దీనికి కొంత జవాబు చెప్పే పరిశోధన ఒకటి మన పొరుగున బంగ్లాదేశ్‌లో జరిగింది. కూలిజనం తెలుసుకోవాల్సిన సంగతి గనుక ఇక్కడ రాస్తున్నాము.

వేరుశనగ చేలో కలుపు తీసినవాళ్లకు తెలుసు, మొక్కను పీకితే వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలో బ్యాక్టీరియా అనే కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. మన పేగుల్లోనూ ఇలాంటి కాపురమే ఉంది. పెద్దవాడి ఒంట్లో ఈ జీవులు సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. అందులో ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనకు అరగని పీచును అవి పులియబెట్టి పేగు గోడకు బలమిస్తాయి. రోగక్రిములకు చోటు దక్కకుండా చూస్తాయి. బిడ్డ పుట్టగానే ఈ విత్తు పడటం మొదలవుతుంది. తల్లిపాలతో ఒక రకం పెరిగితే, అన్నం ముట్టాక మరికొన్ని రకాలు వచ్చి చేరతాయి.

ఢాకా నగరంలో మీర్పూర్ అనే చోట పేదల గుడిసెలున్నాయి. అక్కడి బిడ్డల మలాన్ని నెలల తరబడి సేకరించి పరీక్షించారు. ఈ పని చేసింది ఢాకాలోని అతిసార వ్యాధుల పరిశోధనా కేంద్రానికి చెందిన తహ్మీద్ అహ్మద్, అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ గోర్డన్, వారి బృందాలు. 2014లో వారు బయటపెట్టిన విషయమిది: ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్లో నెలలు గడిచేకొద్దీ ఈ జీవులూ ఒక వరుసలో ఎదుగుతాయి. బాగా చిక్కిపోయిన బిడ్డల్లో అవి వయసుకు తగ్గట్టు ఎదగవు. బిడ్డకు ఏడాదిన్నర వచ్చినా పేగుల్లో ఇంకా పసితనమే. బలమైన తిండి పెడితే కొంత కోలుకున్నాయి. ఆ తిండి ఆపాక మళ్లీ వెనకపట్టు పట్టాయి.

బిడ్డ చిక్కటం వల్ల ఇలా అయిందా, ఇలా అవటం వల్ల బిడ్డ చిక్కిందా? దీన్ని తేల్చటానికి ఆఫ్రికాలోని మలావీ బిడ్డల సూక్ష్మజీవులను ఎలుకపిల్లల పేగుల్లోకి ఎక్కించి చూశారు. అన్నిటికీ మేత ఒక్కటే. అయినా ఎదుగుదల లేని బిడ్డలవి ఎక్కించిన ఎలుకలు తక్కువ పెరిగాయి. ఈ సంగతి 2016లో వెలువడింది. అంటే, గిన్నెలో తిండి ఉంటేనే చాలదు, దాన్ని వాడుకునే సూక్ష్మజీవులూ పేగుల్లో ఉండాలి.

అయితే వాటిని పెంచే తిండి ఏది? ఎలుకల్లో, పందిపిల్లల్లో అనేక రకాలు పరీక్షించి చివరకు నాలుగు సరుకులు ఎంచారు: శనగపిండి, సోయాపిండి, వేరుశనగ ముద్ద, అరటికాయ. వీటికి నూనె, పంచదార, విటమిన్లు కలిపి మీర్పూర్‌లో ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న, ఓ మోస్తరుగా చిక్కిన బిడ్డలకు మూడు నెలలు రోజుకు రెండుసార్లు పెట్టారు. మరికొందరికి మామూలుగా ఇచ్చే బియ్యం, పప్పు, పాలపొడి మిశ్రమం పెట్టారు. చివరిదాకా నిలిచిన బిడ్డలు 118 మంది. కొత్త తిండిలో కేలరీలు తక్కువే. అయినా అది తిన్న బిడ్డలే ఎక్కువ బరువు పుంజుకున్నారని 2021లో ప్రకటించారు.

ఇది సర్వరోగ నివారిణి అని మేము చెప్పటం లేదు. పరీక్షకు వచ్చిన బిడ్డలు కొద్దిమందే. ఎముకల గూడైన బిడ్డను ఆస్పత్రికే తీసుకుపోవాలి. పసిపిల్లలకు పల్లీ పలుకులు అట్లాగే పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి పెట్టాలి. విరేచనాలు పట్టిన ప్రతిసారీ యాంటిబయాటిక్ మందు పోయించటమూ మంచిది కాదు. అది మేలు చేసే సూక్ష్మజీవులనూ చంపుతుంది. ముందు ఉప్పు, పంచదార కొలతగా కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లు పట్టాలి.

ఇంకొక్క మాట. మురుగు కలిసిన నీళ్లు తాగుతూ, మలం కలిసిన మట్టిలో పాకే బిడ్డకు పేగు గోడ మళ్లీ మళ్లీ దెబ్బతింటూనే ఉంటుంది. దానికి పల్లీ ముద్ద ఒక్కటే మందు కాదు. శుభ్రమైన మంచినీళ్లు కావాలి, మరుగుదొడ్డి కావాలి.

పై నాలుగు సరుకుల్లో దూరదేశం నుంచి రావాల్సింది ఏదీ లేదు. శనగ, వేరుశనగ, అరటి మన చేలల్లో పండేవే. వాటిని పెరికి, కోసి, గంపకెత్తేది కూలితల్లే. కూలి డబ్బులు బియ్యానికీ అప్పుకూ సరిపోతే ఆ పిడికెడు గింజలు ఆమె బిడ్డ నోటికి చేరవు. అంగన్‌వాడీలో బిడ్డకు ఏం పెడుతున్నారు, ఎన్ని రోజులు పెడుతున్నారు, ఆ పేటకు మంచినీళ్లు వస్తున్నాయా — సంఘాలు గ్రామసభలో అడగవలసిన ప్రశ్నలివి. బిడ్డ తూకం తగ్గిందని తల్లిని నిలదీసే ముందు ఎవరైనా వీటికి జవాబు చెప్పాలి.