అట్లాసులో లేని మనూరు... ఫోనులో ఉంది!

భూగోళం అంటే చాలామంది పిల్లలకు రాజధానుల జాబితా, రంగులు దిద్దే అవుట్‌లైన్ మ్యాపు... అంతే! పరీక్ష అయిపోగానే రెండూ చిత్తుకాగితాల్లో కలిసిపోతాయి. నైలు నది గురించి గడగడా చెప్పే పిల్లలు, మన స్వర్ణముఖి ఎటు పారుతుందంటే తెల్లముఖం వేస్తారు. వాళ్లనేం లాభం? పుస్తకంలో మనూరు ఉండదు కదా!

ఆ లోటు తీర్చే సాధనాలు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. ఏడో తరగతి చదివే మా అమ్మాయితో ఆదివారాలు నేను చేయిస్తున్నవే చెబుతాను.

మొదటిది గూగుల్ ఎర్త్. ఏ చోటు చూస్తే ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో అంకె చూపిస్తుంది. తిరుపతి దాదాపు 160 మీటర్లు, తిరుమల దాదాపు 850 మీటర్లు. కొండమీద చలెందుకో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత స్వర్ణముఖిని పట్టుకోండి. చంద్రగిరి నుంచి తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా బంగాళాఖాతం దాకా వేలితో నడిపించండి. నది పాఠం అయిపోయినట్టే.

రెండోది మన ఇస్రో వారి ‘భువన్’. 2009లో మొదలైంది. ఇందులోనే ‘స్కూల్ భువన్’ పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలకు సరిపోయే పటాలున్నాయి. తెలుగులో విడమరిచి చెప్పే పని మాత్రం మనదే.

మూడోది వాతావరణ శాఖ వారి ‘మౌసమ్’ యాప్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోజూ చూపిస్తే, ఈశాన్య రుతుపవనాలు మన సీమకు ఎంత ముఖ్యమో పిల్లలే చెబుతారు.

ఇదంతా మార్కుల కోసమేనా అంటారేమో... కాదు. 2021 నవంబరు గుర్తుందిగా? తిరుపతి వీధులు ఏరులై పారాయి. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా చూడొచ్చు. ఊరి అంచున ఉన్న ఒక చెరువును అట్లా ఏడాది వెనక ఏడాదిగా మా అమ్మాయికి చూపించాను. నీళ్లు తగ్గుతూ, ఇండ్లు పెరుగుతూ వచ్చాయి.

“అమ్మా, చెరువులో ఇండ్లెందుకు కట్టినారు? వానొస్తే ఆ నీళ్లు యాడికి పోవాల?” అనింది.

ఏ పరీక్షలోనూ రాని ప్రశ్న! కానీ రేపు ఇంటి స్థలం కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. బేరం మగవాళ్లు మాట్లాడినా, ఇంట్లోకి నీళ్లొస్తే బియ్యం డబ్బాలు మంచాల మీదికి ఎక్కించేది మనమే కదా! స్థలం చుట్టుపక్కల చెరువు, వాగు, కాలువ ఏమున్నాయో పాత చిత్రాల్లో చూడండి. అయితే ఆ బొమ్మలనే నమ్ముకోకండి, రెవెన్యూ రికార్డులు కూడా చూపించుకోండి.

చివరగా ఒక మాట. ఫోను పిల్లల చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోతే వాళ్లు ఆటల్లోకి జారుకుంటారు. పక్కన కూర్చోండి. వారానికి అరగంట, ఒక ఊరు, ఒక నది చాలు. తర్వాత ఫోను పక్కన పెట్టించి, చూసినదాన్ని కాగితం మీద గీయించండి. ముందుగా మీ వీధిలో వాన నీరు ఎటు పోతుందో గీయమనండి. మీరూ కూర్చుని గీయండి!