వేడెక్కితేనే తెరుచుకునే దారి

ఫిలమెంటూ లోహమే, ప్లేటూ లోహమే, మధ్యలో ఉన్నది శూన్యం. మరి కరెంటు ఒకవైపే ఎందుకు పోతుంది సార్? పాత రేడియోలోంచి తీసిన 5వై3 వాల్వును తరగతిలో చూపిస్తే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. జవాబు లోహంలో లేదు, వేడిలో ఉంది. ఎర్రగా కాగిన ఫిలమెంటు నుంచి ఎలక్ట్రాన్లు బయటపడతాయి. ప్లేటు ధనావేశంతో ఉంటే అటు లాగేసుకుంటుంది, రుణావేశంతో ఉంటే వెనక్కి నెట్టేస్తుంది. ఎలక్ట్రాన్లను వదిలేంత వేడి ప్లేటుకు ఎక్కదు కాబట్టి ఎదురు ప్రవాహం ఉండదు.

ఎడిసన్ తన బల్బుల్లో ఈ వింత చూసి పక్కన పెట్టేశాడు. లండన్‌లో ఆయన కంపెనీకే సలహాదారుగా పనిచేసిన ఫ్లెమింగ్, 1904లో దాన్ని రేడియో తరంగాలు పట్టే సాధనంగా మార్చాడు. తర్వాత డి ఫారెస్ట్ మూడో ఎలక్ట్రోడ్ చేర్చడం, ఇద్దరి పేటెంట్లు కోర్టుకెక్కడం పెద్ద కథ. నాకు మాత్రం ఆ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు మీదే మనసు.

అలాంటి రెండింటిని ఒకే గాజు బుడ్డిలో ఇమిడ్చిన 5వై3తో పవర్ సప్లై కట్టి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్‌లో 300-0-300 వోల్టుల వైండింగ్ తీసుకుని, నడిమి తీగను ఛాసిస్‌కు, రెండు కొసలను వాల్వులోని రెండు ప్లేట్లకు కలపాలి. ఒక ప్లేటు ధనంగా ఉన్న క్షణంలో రెండోది రుణంగా ఉంటుంది. అలా వంతులవారీగా రెండూ పనిచేస్తాయి. మన 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకు 100 తుళ్లింతలుగా బయటికొస్తుంది. మరి డీసీ ఎక్కణ్ణుంచి తీసుకోవాలి? ప్లేట్ల నుంచి కాదు, ఫిలమెంటు నుంచే! ఎలక్ట్రాన్లను పోగొట్టుకునేది అదే కాబట్టి ధన కొస అదే అవుతుంది. దాన్ని వేడిచేసే వైండింగ్ రెండు తీగల మధ్య ఉండేది 5 వోల్టులే, కానీ ఆ రెండు తీగలూ ఛాసిస్‌కన్నా మూడు, నాలుగు వందల వోల్టుల ఎత్తులో ఉంటాయి. అందుకే ఆ వైండింగ్ విడిగా, గట్టి ఇన్సులేషన్‌తో ఉండాలి. మిగతా వాల్వుల హీటర్లకు దాన్ని పంచకూడదు. ఈ ఏర్పాటును ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

ఫిలమెంటు చుట్టూ మబ్బులా మూగిన ఎలక్ట్రాన్లు వెనకొచ్చేవాటిని అడ్డుకుంటాయి. ఎక్కువ కరెంటు లాగాలంటే ప్లేటు ఎక్కువ వోల్టేజీతో లాగాలి. అది వాల్వులోనే ఖర్చయిపోతుంది. 5వై3లో ఇలా పోయేది పదుల వోల్టులు. తుళ్లింతలను చదును చేసే మొదటి కండెన్సర్‌ను 10, 20 మైక్రోఫారడ్లకు మించనివ్వరు. పెద్దది పెడితే అది నిండేటప్పుడు లాగే కరెంటు వాల్వును తినేస్తుంది. స్పీకర్లో గుయ్‌మనే హమ్ ఇంకా తగ్గాలంటే చోక్ అనే తీగచుట్ట, దాని తర్వాత మరో కండెన్సర్ వేసుకోవాలి.

తర్వాత వచ్చిన జీజెడ్34 ఇంకా తెలివైనది. అందులో హీటరు వేరు, కాథోడ్ వేరు, మెల్లగా కాగుతుంది. ఈలోగా మిగతా వాల్వులూ వేడెక్కి కరెంటు తీసుకోవడానికి సిద్ధమవుతాయి. 5వై3 అయితే తొందరగా కాగి, లోడు లేని వేళ కండెన్సర్ల మీద పూర్తి వోల్టేజీ మోపుతుంది.

సిలికాన్ డయోడ్ వచ్చి వోల్టు అటూ ఇటూగా నష్టంతోనే ఇదంతా చేసేసరికి వాల్వు రేడియోల నుంచి తప్పుకుంది. గిటార్ ఆంప్లిఫయర్లు కట్టే కొందరు ఇప్పటికీ వాల్వునే వాడతారు. గట్టిగా తీగ మీటినప్పుడు వోల్టేజీ కాస్త కుంగి, స్వరం ఒక్క క్షణం మెత్తబడటం వాళ్లకు ఇష్టం. కట్టేవాళ్లు కండెన్సర్లకు అడ్డంగా ఒక రెసిస్టరు తప్పక వేసుకోవాలి. అది లేకపోతే స్విచ్ ఆపాక కూడా వాటిలో మనిషి ప్రాణం తీయగల ఛార్జి చాలాసేపు మిగిలి ఉంటుంది.