పాత చేతిగడియారములు – నీటి నుండి సంరక్షణ

గ్రామములలో తాతతండ్రుల నాటి చేతిగడియారములను నేటికిని భద్రపరచుకొనిన కుటుంబములు పెక్కు కలవు. పెండ్లినాడు అల్లునకు పెట్టినవి కొన్ని. ఉద్యోగ విరమణ సందర్భమున బహూకరింపబడినవి కొన్ని. వీనిలో ఎచ్.ఎం.టి. గడియారములు అనేకము. కేంద్ర ప్రభుత్వము 1953లో బెంగుళూరునందు స్థాపించిన హిందుస్థాన్ మెషీన్ టూల్స్ సంస్థ, జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో 1961లో అచ్చటనే చేతిగడియారముల నిర్మాణమును ఆరంభించినది. దినమునకొకసారి కీ ఇచ్చినచో నడచు 'జనతా' రకము దేశమంతట ప్రసిద్ధి గాంచినది. ఎచ్.ఎం.టి. వాచెస్ కంపెనీని మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయము గైకొన్నది. కావున ఈ పాత గడియారములకు అసలైన విడిభాగములు నానాటికి అరుదగుచున్నవి. లోపలి యంత్రము ఒకసారి త్రుప్పుపట్టినచో దానిని తిరిగి బాగుచేయించుట కష్టము.

వీనికి ప్రధాన శత్రువు నీరు. వెనుక మూతపై 'వాటర్ ప్రూఫ్' అనియో, 'వాటర్ రెసిస్టెంట్' అనియో చెక్కియుండుట చూచి, తమ గడియారమునకు నీటి భయము లేదని పలువురు నమ్ముదురు. కాని ఆ అక్షరములు గడియారము కొత్తగా నున్ననాటి మాట. నీటిని అరికట్టునది అక్షరములు కావు. లోపల అమర్చిన సన్నని వాషర్లు. అవి చెడినచో ఆ వాగ్దానమును చెల్లినట్లే.

నీరు చొచ్చు మూడు త్రోవలు

గడియారపు డబ్బాకు మూడుచోట్ల సందులుండును. మొదటిది అద్దము కూర్చిన అంచు. రెండవది వెనుక మూత. మూడవది కీ ఇచ్చు బొడిపె. దీనినే వాచీ పనివారు క్రౌన్ అందురు. దీని కడ్డీ డబ్బా గోడలోని రంధ్రము గుండా యంత్రములోనికి పోవును. ఈ మూడింటిలో మిక్కిలి బలహీనమైన చోటు క్రౌను. ఏలయన, కీ ఇచ్చు గడియారములలో దానిని ప్రతిదినము త్రిప్పవలెను. త్రిప్పినపుడెల్ల అందలి వాషరు రాపిడికి కొంత అరుగును. ముండ్లను సరిచేసిన పిదప బొడిపెను లోనికి నొక్కుట మరచినచో, నీటికి తలుపు తెరచి యుంచినట్లే యగును.

ఈ సందులను మూయు ప్రయత్నమునకు నూరేండ్ల చరిత్ర కలదు. 1926లో రోలెక్స్ కంపెనీ 'ఆయిస్టర్' అను గడియారమును వెలువరించినది. దాని వెనుక మూతయు, క్రౌనును మరచుట్లతో గట్టిగా బిగింపబడును. 1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అను ఆంగ్ల వనిత ఆ గడియారమును మెడలో ధరించి, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల నడుమగల సముద్రములో గంటల తరబడి ఈదినది. చలి తీవ్రత వలన ఆమె ఆ పర్యాయము ఆవలి తీరమును చేరలేకపోయినను, గడియారము మాత్రము నడచుచునే యుండెను. అయితే అది నాడు కొత్త గడియారమని మరువరాదు.

వాషర్ల ఆయుర్దాయము

చేతిపంపుల మరమ్మతులు చేయించు పంచాయతీ సభ్యులకు ఈ సంగతి సులభముగా బోధపడును. బోరు ఎంత చక్కనిదైనను, లోపలి వాషరు అరిగినచో పంపు నీరెత్తదు. గడియారము సంగతియు అంతే. రబ్బరు కాలక్రమమున గట్టిపడి పగుళ్లువారును; కొన్ని రకములు జిగటగా మారి తారువలె అంటుకొనును. చెమట, సబ్బు, నూనెలు ఈ క్షయమును త్వరపరచును. వాడకున్నను రబ్బరు ముదురుట ఆగదు. కనుక ముప్పది యేండ్లు పెట్టెలో దాచిన గడియారమును, వాడలేదు గదా యని నీటికి తీసికొనిపోరాదు.

పాత గడియారములలో తరచుగా కనబడు ఆక్రిలిక్ ప్లాస్టిక్ అద్దము కూడ ఏండ్లు గడచిన కొలది సన్నని బీటలువారి, అంచున పట్టు సడలును. ఇత్తడిపై క్రోమియము పూత వేసిన డబ్బాలలో చెమట వలన పూత లేచి, వాషరు కూర్చుండు చోట గుంటలు పడును. అట్టి చోట కొత్త వాషరు వేసినను నీరు ఆగదు.

మీటర్ల లెక్క

కొన్ని గడియారములపై '30 మీటర్లు' అని యుండును. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు సుమారు ఒక వాతావరణపు పీడనము పెరుగును. కావున 30 మీటర్లనగా, పరీక్షలో మూడు వాతావరణముల పీడనమునకు తట్టుకొన్నదని భావము. అంత లోతున ఈదవచ్చునని కాదు. చేతులు కడుగునపుడు పడు తుంపరలకు, చిన్న వానకు అది చాలును. పాత గడియారము విషయమున ఆపాటి నమ్మకము సైతము కొత్త వాషర్లు వేసి, పరీక్షించిన పిమ్మటనే తగును.

బజారులో విక్రయమగు పాత గడియారములలో కొన్నింటి డయళ్లకు తిరిగి రంగువేసి, అక్షరములు కొత్తగా అచ్చువేయుట కలదు. అట్టి డయలుపై ఏమి వ్రాసియున్నను దానిని ప్రమాణముగా గొనరాదు.

మరమ్మతు చేయించునపుడు

1. గడియారమును విప్పించిన ప్రతిసారియు వెనుక మూత వాషరును మార్పించవలెను. వెడల్పు, మందము సరిగా సరిపోయినదే వేయవలెను.

2. క్రౌను అరిగి వదులైనచో, వాషరుతో కూడిన కొత్త క్రౌను వేయించవలెను.

3. బీటలువారిన ప్లాస్టిక్ అద్దమును అంటించుటకు బదులు మార్పించుట మేలు.

4. వాషరుకు సిలికోను గ్రీజు పలుచగా పూయవలెను. కొబ్బరినూనె, వాజలైను మొదలగునవి పూయరాదు.

5. పని ముగిసిన పిదప పరీక్ష కోరవలెను. కొందరు పనివారి వద్ద గాలి పీడనముతో పరీక్షించు యంత్రములుండును. గడియారమును తడుపకయే లోపమును కనిపెట్టవచ్చును. మరియొక పరీక్ష కలదు. గడియారమును 40 మొదలు 45 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల పలకపై కొంతసేపుంచి, అద్దముపై చల్లని నీటిబొట్టు వేసి, ఒక నిమిషము పిదప తుడిచి చూతురు. అద్దము లోపలి వైపున ఆవిరి పట్టినచో లోన చెమ్మ కలదని అర్థము.

మొదటినుండియు వాషర్లు లేకయే నిర్మింపబడిన గడియారములును కలవు. వానిని ఏ మరమ్మతును జలరక్షితముగా చేయజాలదు. నీటికి దూరముగా నుంచుటయే మార్గము.

నిత్యము పాటింపదగినవి

నాట్లు వేయునపుడును, బావి లేక కాలువలో దిగునపుడును, నదీస్నానమునకు పోవునపుడును గడియారమును తీసి పొడిచోట ఉంచవలెను. వేడినీటి స్నానము మరింత హానికరము. వేడికి లోపలి గాలి వ్యాకోచించును. చల్లబడినపుడు సంకోచించి బయటి చెమ్మను లోనికి పీల్చును. కీ ఇచ్చునపుడు గడియారమును చేతినుండి తీసినచో కడ్డీపై ప్రక్కవాటు ఒత్తిడి పడదు. చెమట పట్టిన డబ్బాను దినాంతమున పొడి గుడ్డతో తుడువవలెను.

నీరు చేరినచో

అద్దము లోపల ఆవిరి కనబడినచో, అది తనంతట పోవునని వేచియుండరాదు. ఆవిరి మాయమైనను లోని చెమ్మ పోయినట్లు కాదు. కడ్డీయు, ఉక్కు భాగములును త్రుప్పుపట్టసాగును. ఎండలో పెట్టుట, బియ్యములో పూడ్చుట నిష్ప్రయోజనములు. ఆ దినముననే, లేనిచో మరునాడు, పనివానికి చూపి విప్పించి ఆరబెట్టించవలెను. ఆలస్యమైనచో చిన్న ఖర్చుతో పోవునది యంత్రమునకే ముప్పు తెచ్చును.

మరియొక హెచ్చరిక. మిక్కిలి పాతవైన కొన్ని విదేశీ గడియారముల అంకెలపై చీకటిలో వెలుగుటకు రేడియము కలిసిన రంగు పూసియుండును. వెలుగు ఆరిపోయినను రేడియము పోదు. అది సగమగుటకే సుమారు 1600 ఏండ్లు పట్టును. చెమ్మ తగిలి ఆ రంగు పొడియై రాలవచ్చును. కనుక అట్టి గడియారమును ఇంటిలో విప్పుట, గీకుట, పిల్లల చేతికిచ్చుట తగదు.

పంచాయతీ సభ్యులు తమ గ్రామములోని పెద్దలకు ఈ విషయములను తెలియజెప్పుట మేలు. కొద్దిపాటి వెలగల వాషరును సకాలములో మార్పించినచో, పెద్దల నాటి గడియారము రాబోవు తరము చేతికిని చెడక అందును.