పుల్ల గుచ్చితే... పందిరి!

తాపీమేస్త్రీ అక్కర్లేదు. సిమెంటు, ఇసుక, కంకర అక్కర్లేదు. గోడలకు వేర్లుంటాయి, కప్పుకు ఆకులుంటాయి. ఏటా సున్నం వేయించే పని లేదు గానీ, క్షవరం మాత్రం తప్పదు! ఏమిటో చెప్పుకోండి చూద్దాం? విల్లో సొరంగం! యూరప్‌లో తోటల్లో, బడి ఆవరణల్లో పిల్లలు దూరి ఆడుకునే పచ్చికొమ్మల గుహ. పదండి, మనమూ దూరుదాం. తల కాస్త వంచండి!

మీకు తెలుసా? విల్లో అనే చెట్టు కొమ్మను కోసి తేమ నేలలో గుచ్చితే చాలు, వేర్లు పుట్టుకొస్తాయి. వేరుమొలకలు కొమ్మ బెరడు కింద ముందే సిద్ధంగా ఉంటాయి మరి! మన మునగకొమ్మ చేసే గారడీ లాంటిదే ఇదీ. కాకపోతే మునగ సాంబారులోకి కాయలిస్తుంది, విల్లో ఏకంగా ఇల్లే ఇస్తుంది!

మీకు తెలుసా? ఈ పందిరికి ముహూర్తం చలికాలమే. చెట్టు ఆకులన్నీ రాల్చి మొద్దునిద్రలో ఉన్నప్పుడు కొమ్మలు నరుకుతారు. ఎదురెదురుగా రెండు వరుసల్లో అడుగు లోతున గుచ్చి, కొసలు పైన కలిపి కట్టేస్తారు. వసంతం వచ్చి కళ్లు తెరిచి చూసుకునేసరికి... కొమ్మలు కాస్తా సొరంగం!

దాని వేగం మీకు తెలుసా? బుట్టలల్లే రకం విల్లో ఒక్క ఏడాదిలో రెండు మీటర్లకు పైగా సాగుతుంది. ఈ మార్చిలో వేసిన రెమ్మ, పై మార్చికల్లా మీ ఇంట్లో అందరికంటే పొడుగు!

కంచెను ఇంగ్లిష్‌వాళ్లు 'ఫెన్స్' అంటారు. మొక్కల దడిని 'హెడ్జ్' అంటారు. మరి బతికున్న విల్లో కంచెని? రెండూ కలిపేసి 'ఫెడ్జ్' అన్నారు! మనం కంచెను, దడిని కలిపి 'కందడి' అందామా?

మీకు తెలుసా? రెండు కొమ్మలు ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే, బెరడు అరిగి, ఒకే కొమ్మగా అతుక్కుపోతాయి. విల్లో అల్లిక రానురానూ గట్టిపడటంలో కిటుకు ఇదే. మనం రావికీ వేపకీ మేళతాళాలతో పెళ్లి చేస్తాం. ఇక్కడ పురోహితుడూ లేడు, భోజనాలూ లేవు!

విల్లోకి దాహమెక్కువ. నీటి కోసం దాని వేర్లు ఎంత దూరమైనా పాకుతాయి. బ్రిటన్ బీమా సంస్థల లెక్క ప్రకారం, బాగా ఎదిగిన విల్లో ఇంటి గోడకు 40 మీటర్ల దూరంలో ఉండాలి. ఓక్ చెట్టుకైతే 30 చాలు. చుట్టంగా పిలవండి, ఇల్లరికం మాత్రం వద్దు!

మీకు తెలుసా? విల్లోతో రాజభవనమే లేపేశారు! జర్మనీలో వైమార్ దగ్గర ఆవర్‌స్టెట్ అనే పల్లెలో, 1998లో, మార్సెల్ కాల్బెరర్ అనే వాస్తుశిల్పి బృందంతో కలిసి దాదాపు 300 మంది స్వచ్ఛంద కార్యకర్తలు కట్టారు. రాజూ లేడు, రాణీ లేదు. ఉన్నవన్నీ కొమ్మలే!

భవనమేనా? చర్చి కూడా ఉంది! జర్మనీలోనే రాస్టాక్ నగరంలో 2001లో ఇదే కాల్బెరర్ విల్లోతో చర్చి అల్లించాడు. పొడవు 52 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. అంటే నాలుగంతస్తుల పైమాటే. లోపల కూర్చుంటే ఫ్యాను అక్కర్లేదు!

ఇంతకీ కాల్బెరర్‌కు ఈ ఊహ ఎక్కడిదో తెలుసా? వేల ఏళ్ల కిందట మెసొపొటేమియాలో సుమేరియన్లు కట్టిన రెల్లు ఇళ్ల నుంచి! రెల్లుకట్టలను విల్లుల్లా వంచి కట్టేవారు వాళ్లు. పాత ఊహకు చిగుళ్లు వేయించాడీయన!

నెదర్లాండ్స్ అల్మేర్‌లో ఇంకో వింత. మరీనస్ బూజెమ్ అనే కళాకారుడు 1987లో 178 పాప్లార్ చెట్లు నాటించాడు. పాప్లార్‌ది విల్లో కుటుంబమే. పైనుంచి చూస్తే అచ్చం ఫ్రాన్స్‌లోని రాన్స్ మహాచర్చి నమూనా! పక్కనున్న తోపులో అదే ఆకారంలో ఖాళీ కూడా వదిలించాడు. చెట్ల చర్చి ముసలిదై కూలినా, ఖాళీ చర్చి నిలిచే ఉంటుంది. ఖాళీకి చెదలు పట్టదుగా!

మీకు తెలుసా? కుర్చీని పండించొచ్చు! అమెరికాలో విస్కాన్సిన్‌కు చెందిన జాన్ క్రబ్‌శాక్ అనే ఆయన 1903లో విత్తనాలు నాటి, మొలిచిన మొక్కలను వంచి, అంటుకట్టి, 1914లో కుర్చీ 'కోత' కోశాడు. పదకొండేళ్లు! 'కూర్చోండి' అన్నాక అతిథి ఎంతసేపు నిలబడాలో లెక్కేసుకోండి.

కాలిఫోర్నియాలో చెట్ల సర్కస్ ఉండేది తెలుసా? ఆక్సెల్ ఎర్లాండ్‌సన్ అనే రైతు చెట్లను బుట్టల్లా, నిచ్చెనల్లా, ఉంగరాల్లా పెంచి, 1947లో 'ట్రీ సర్కస్' తెరిచాడు. ఒక బుట్ట కోసం ఆరు సైకమూర్ చెట్లను అల్లి, ఒక్కటిగా అతికించాడు. ఎలా సాధించావని పిల్లలు అడిగితే 'చెట్లతో మాట్లాడతాను' అనేవాడట. అసలు గుట్టు మాత్రం విప్పనే లేదు!

మరి బతికున్న చెట్లతో మనుషులుండే ఇల్లు? జర్మనీ ఇంజినీరు ఆర్థర్ వీషూలా 1926లోనే దాని మీద బొమ్మలతో పుస్తకం వేశాడు. ఇల్లు మాత్రం ఒక్కటీ కట్టలేదు. ప్లాను రెడీ, గృహప్రవేశం వాయిదా!

విల్లోల్లో బుడ్డోడు ఎవరో తెలుసా? ఆర్కిటిక్‌లో, ఆల్ప్స్ కొండల మీద పెరిగే మరుగుజ్జు విల్లో. ఎత్తు 1 నుంచి 6 సెంటీమీటర్లు. దాంతోనూ సొరంగం కట్టొచ్చు. దూరడానికి చీమల్ని పిలవాలి!

మీకు తెలుసా? కొమ్మలు జుట్టు విరబోసుకున్నట్టు వేలాడే విల్లోకి వృక్షశాస్త్రవేత్త లినేయస్ 'సాలిక్స్ బాబిలోనికా' అని పేరు పెట్టాడు. బైబిల్లో బాబిలోన్ ఏటి ఒడ్డు చెట్లు ఇవేననుకున్నాడు. అవేమో యూఫ్రటీస్ పాప్లార్లట! ఈ విల్లో సొంతూరు చైనా. 1753లో రాసిన చిరునామా తప్పని తేలినా పేరు మారలేదు. మన కార్డుల్లో తప్పులే నయం, ఎప్పటికైనా సరిచేస్తారు!

1913లో ఫిన్లాండ్‌వాళ్లకు ఆంట్రెయా అనే చోట మట్టిలో ఓ చేపల వల దొరికింది. వయసు పది వేల ఏళ్లకు పైనే. దేనితో అల్లారో చెప్పగలరా? విల్లో నారతో! వల మిగిలింది, చేపలే దాటిపోయాయి.

మీకు తెలుసా? 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండ్ మతగురువు విల్లో బెరడు పొడి చలిజ్వరాన్ని తగ్గిస్తోందని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి రాశాడు. ఆ దారి చివరికి ఆస్పిరిన్ దాకా సాగింది. అలాగని సొరంగం అల్లేటప్పుడు తలనొప్పి వస్తే గోడ నమలకండి, మందుల షాపుకెళ్లండి!

ఇండియాలో విల్లో ఎక్కడిదంటారా? కశ్మీర్‌లో అనంతనాగ్ జిల్లా సంగం వైపు వెళ్తే రోడ్డు పక్కన విల్లో చెక్కలు దొంతర్లుగా కనిపిస్తాయి. అన్నీ రేపటి క్రికెట్ బ్యాట్లే! లేతకొమ్మ పందిరి పట్టే చెట్టు, మాను ముదిరితే సిక్సర్ కొడుతుంది!

మీకు తెలుసా? మేఘాలయలో ఖాసీ, జైంతియా ప్రజలు రబ్బరు మర్రి ఊడల్ని వాగు దాటించి వంతెనలు పెంచుతారు. నడవదగ్గ వంతెన అవ్వడానికి పదిహేను నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. నోంగ్రియాత్‌లో అయితే రెండంతస్తులది! కట్టిన వంతెన ఏళ్లు గడిస్తే బీటలు వేస్తుంది, పెంచిన వంతెన గట్టిపడుతుంది!

మన తెలుగువాళ్లమేం తక్కువ? కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాల మేర కొమ్మలు చాచి, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఊడలే స్తంభాలు. తన పందిరి తనే వేసుకుంది!

ఆఖరి ప్రశ్న. మన తెలుగునేల మీద విల్లో ఉందా? ఉంది! పేరు ఏటిపాల. పేరులోనే ఏరు ఉంది, ఉండేదీ ఏటి గట్టునే. ఈసారి వాగు దగ్గరికి వెళ్తే ఊళ్లో పెద్దవాళ్లనడిగి చూసి రండి. కనిపించలేదా? దిగులొద్దు. పెరట్లో చిక్కుడుపాదు పందిరి ఉన్నా చాలు. సొరంగానికి కావాల్సిందల్లా దూరడానికి పిల్లలే!